ముంత తొడుక్కున్న స్వెట్టర్

మే నెల మూడో ఆదివారం మా గుంటకి బాప్తిస్మం. ఆ రోజు దానికి ఉన్ని స్వెట్టర్ తొడిగి తీరాలని మా అత్త. ఈ ఎండలో అది తొడిగితే పిల్ల ఏమైపోతుందోనని నేను. ఇంట్లో గొడవేమీ లేదు. గొడవ జరగాలంటే ఇద్దరూ నోరు తెరవాలి కదా, నేను తెరవలేదు.

ముందు ఆ స్వెట్టర్ సంగతి చెప్పాలి.

హుకుంపేట దాటాక రోడ్డు కాఫీ తోటల్లోకి మలుపు తిరిగే చోట మా ఊరు. నలభై ఇళ్లు, ఒక అంగన్‌వాడీ, రేకుల చర్చి. గుంట సెప్టెంబరులో పుట్టింది. జనవరిలో పొగమంచు పది గంటలైనా లేవని రోజుల్లో దానికి నెమ్ము చేసింది. డొక్కలు ఎగరేసుకుంటూ పాలు పట్టలేకపోయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి మందులు రాసి పంపించేశారు. ఇంటికి తెచ్చాక మా అత్త సవరమ్మ దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, తన పొట్టకి అంటించుకుని, చీర చుట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. పదకొండు రోజులు. పాలకి మాత్రం నాకిచ్చేది. మిగతా వేళల్లో తను లేస్తే పిల్లకి చలి తగులుతుందని కూర్చునే తినేది, కూర్చునే కునికేది. పన్నెండో రోజు గుంట కళ్లు తెరిచి, అత్త ముక్కుపుల్ల పట్టుకుని లాగింది. ఆ లాగుడుకి రక్తం వచ్చింది. అత్త నవ్వుతూనే ఉంది.

ఆ ఆదివారమే చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి మొక్కుకుంది. గుంటకి తన చేత్తో స్వెట్టర్ అల్లుతానని, బాప్తిస్మం రోజున అది తొడిగి దేవుడి ముందుకి తెస్తానని. అత్త చిన్నప్పుడు సాలూరు మిషను హాస్టల్లో చదువుకుంది. అక్కడ క్యాథరిన్ టీచరమ్మ నేర్పిందట అల్లిక. ముప్పై ఏళ్ల తర్వాత సూదులు పట్టుకుంది. ఎర్ర ఉన్ని, మధ్యలో తెల్ల గీత, పైన కుచ్చు టోపీ. పిల్ల ఎదుగుతుందని రెండు వేళ్లు వదులుగా అల్లింది.

ఆవిడ అలా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. అది మా ఆయన రాబిన్ ఒకసారి గొంతు తగ్గించి చెప్పాడు. రాబిన్ కంటే ముందు అత్తకి ఒక ఆడపిల్ల పుట్టిందట. మొదటి చలికాలం దాటలేదట. ఆ తర్వాత ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. మరి అలాంటి మనిషికి, నా బిడ్డని నాకు తిరిగి ఇచ్చిన మనిషికి, వద్దని ఏ నోటితో చెప్తాను?

పాస్టరుగారు ఒకరే, ఊళ్లు పదమూడు. ఆయన మాకిచ్చిన తారీకు మే నెలలో పడింది.

మా కొండల్లో అందరికీ చలికి భయపడడం తెలుసు. ఎండకి భయపడడం తెలీదు. ఎండలకి తట్టుకోలేక కింద ఊళ్లవాళ్లు మా దగ్గరికి వస్తారు గానీ, మేం ఎక్కడికి వెళ్తాం? అందుకే నడి వేసవిలో కూడా మా ఊళ్లో చంటిపిల్లలకి చెవులు మూసే టోపీలు, కాళ్లకి మేజోళ్లు. గాలి సోకితే జలుబు చేస్తుందని తలుపులు మూస్తారు. ఈ ఏడు మాత్రం ఏప్రిల్‌లోనే గెడ్డలో నీటిపాయ సన్నబడిపోయింది. కోళ్లు మధ్యాహ్నం నోళ్లు తెరుచుకుని మంచాల కింద పడుకునేవి. రాబిన్ ఫోన్లో ముప్పై ఎనిమిది అని చూపిస్తే మా మావ యోనా నమ్మలేదు. ఆ ఫోను సాలూరులో కొన్నావు గనక సాలూరు ఎండే చూపిస్తుందని తేల్చేశాడు.

నాకు ముందు నుంచీ భయం ఎక్కువ. తొమ్మిదో తరగతిలో మా అమ్మకి బాగోక ఆశ్రమ పాఠశాల మానేశాను గానీ, గోడ మీద ఏ అక్షరం కనిపించినా చదవకుండా ఉండలేను. అంగన్‌వాడీ తలుపు మీద వడదెబ్బ కాగితం అంటిస్తే రెండుసార్లు చదివి, మూడోసారి ఆశా కార్యకర్త అప్పలనర్సమ్మక్కని అడిగాను. ఎండెక్కాక పిల్లని బయట తిప్పొద్దని, పల్చటి నూలు బట్ట చాలని, అడిగినా అడక్కపోయినా పాలు పడుతూ ఉండమని, ఒళ్లు కాలితే నీడకి తెచ్చి బట్టలు విప్పి తడిగుడ్డతో తుడవమని చెప్పింది. ఉచ్చ తక్కువ పోస్తుంటే నీళ్లు చాలట్లేదని గుర్తు. పాలు తాగకపోయినా, లేపితే లేవకపోయినా క్షణం ఆగకుండా నూట ఎనిమిదికి ఫోను చెయ్యమంది. మర్నాడు మళ్లీ అడిగాను. ఆ మర్నాడు కూడా అడిగాను.

“నీకు సెప్పి సెప్పి నాకే దాహమేత్తంది సౌందర్యా” అంది అప్పలనర్సమ్మక్క. నిజంగానే నీళ్లు తాగి వెళ్లింది.

అప్పటినుంచి పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. గుంట ఒకసారి తడిపితే ఒక గీత. ఆరు దాటితే నాకు అన్నం సయించేది. నాలుగు దగ్గర ఆగితే గుంట లాగూ పట్టుకుని పొద్దస్తమానూ తడుముతూ ఉండేదాన్ని. అత్త రెండు రోజులు చూసింది, మూడో రోజు అడిగింది.

“గోడ మీద ఏటే ఇది? గుంట ఉచ్చలకి హాజరేత్తన్నావా?”

మావ తాగుతున్న చోడి అంబలి ముక్కులోకి వెళ్లిపోయింది. నేనూ నవ్వాను గానీ గీతలు మానలేదు.

ఇక స్వెట్టర్. నోటితో వద్దనలేను కాబట్టి చేత్తో ఏదైనా చెయ్యాలనుకున్నాను. బుధవారం దాన్ని తీసుకెళ్లి చోళ్ల బుట్టలో, రాగిగింజల అడుగున దాచాను. చోళ్లు అంబలికి రోజూ తీస్తామన్న సంగతి ఆ కంగారులో గుర్తు రాలేదు. గురువారం పొద్దున్నే మావ చేట పెట్టి తోడితే ఎర్రటి చెయ్యి బయటికొచ్చింది. చీకట్లో ఆయన కెవ్వుమన్నాడు. ఎలకలు లాక్కుపోయాయని అత్త నమ్మేసింది. ఆ పొద్దంతా ఎలకల్ని తిట్టింది. పక్కన కూర్చుని ఉన్నిలో ఇరుక్కున్న చోళ్లు ఒక్కొక్కటీ ఏరుతూ నేను కూడా ఎలకల్ని తిట్టాను. నా జన్మలో ఎవర్నీ అంత బాగా తిట్టలేదు.

శనివారం ఇంకో ఉపాయం తోచింది. చోళ్ల దుమ్ము పోలేదని చెప్పి స్వెట్టర్ ఉతికాను. ఉన్ని కదా, ఆదివారానికి ఆరదు, తడిది తొడగలేం కదా అని నా లెక్క. అత్త ఏమీ అనకుండా దాన్ని తీసుకెళ్లి రేకు మీద పరిచింది. గంట తిరక్కుండానే ఎండిపోయి అప్పడంలా లేచింది. ఏ ఎండకి భయపడి ఇన్ని పాట్లు పడుతున్నానో ఆ ఎండే నా మీద కక్ష కట్టింది. మరక పోలేదని చెప్పి మళ్లీ తడిపాను. ఈసారి ఎండ తగలని చోటు చూసి, వసారాలో మంచినీళ్ల ముంత ఉంటే దానికి తొడిగేశాను. ముంత మెడ సరిగ్గా స్వెట్టర్ మెడలో ఇమిడింది. రెండు చేతులూ అటూ ఇటూ వేలాడుతుంటే పొట్ట పెంచిన పెద్దమనిషి కూర్చున్నట్టుంది. ఆరకుండా ఉండాలని వచ్చినప్పుడల్లా దోసెడు నీళ్లు చల్లిపోయాను.

సాయంత్రం మావ తోట నుంచి వచ్చి ఆ ముంతలో నీళ్లు ముంచుకుని తాగాడు. ఆగి, ఇంకో గ్లాసు తాగాడు. నన్ను పిలిచి, ఇంత ఎండలో కొండ పైకెక్కి ఊట నీళ్లు తెచ్చావా అని అడిగాడు. లేదు మావా, బోరింగు నీళ్లే అన్నాను. ఆయన ముంతని, స్వెట్టర్‌ని మార్చి మార్చి చూసి బుర్ర ఊపాడు. పొలానికి పట్టుకెళ్లే ఆనపబుర్రకి తడిగుడ్డ చుడితే లోపల అంబలి చల్లగా ఉండదా, ఇదీ అదే అన్నాడు. ఉన్ని గనక తడి ఇంకా సేపు పట్టి ఉంచుతోందని మూడో గ్లాసు ముంచుకున్నాడు. నాకు ఆ చల్లదనంతో పని లేదు. స్వెట్టర్ తడిగా ఉంది, అదే నాకు చాలు.

దీపాల వేళకి అత్త వచ్చి స్వెట్టర్ ఊడదీసి, పిండి, పొయ్యి పైన దండెం మీద వేసింది. తెల్లారేసరికి అది పూర్తిగా ఆరిపోయి ఉంది.

ఆదివారం తొమ్మిదికి ఆరాధన. పదిన్నరకల్లా అయిపోతే ఎండ ముదరకముందే ఇంట్లో ఉంటాం, గంటన్నర ఎలాగో గడిచిపోతుంది, మొక్కూ తీరిపోతుందని నా మనసుకి నేనే నచ్చజెప్పుకున్నాను. రాబిన్ తన జీపేసుకుని పాస్టరుగార్ని తేవడానికి చీకటితోనే సాలూరు దిగాడు. లోపల నూలు చొక్కా, పైన స్వెట్టర్, తలమీద టోపీ, గుంట చిన్న ఎర్ర మిరపకాయలా ఉంది. అత్త దాన్ని ఎత్తుకుని ఊరంతా చూసేలాగ మధ్య దారిలో నడిచింది. అందరూ ముద్దులాడారు. గుంట కూడా కుచ్చు పట్టుకుని నములుతూ కిలకిలా నవ్వింది.

తొమ్మిదైంది, పది కూడా అయింది, జీపు జాడ లేదు. పదింపావుకి రాబిన్ నుంచి ఫోనొచ్చింది. ఘాటు మలుపులో రేడియేటర్ మరిగిపోయిందట. అది చల్లారాక నీళ్లు పోసి బయల్దేరతామని, పాస్టరుగారు కొండరాయి నీడలో కూర్చుని ఉన్నారని చెప్పాడు. ఇంజను కూడా చల్లారేదాకా ఆగుతోందే అనుకున్నాను. ఆ తర్వాత సిగ్నల్ పోయింది.

సంఘపెద్దలు ఈలోగా పాటలు పాడదామన్నారు. ఒక పాట అయ్యాక ఇంకోటి. పైన రేకులు ఎండకి సాగి టక్కు టక్కుమంటుంటే డప్పు అక్కర్లేకపోయింది. కిటికీలు రెండే. లోపల తొంభై మంది. ఫ్యాను తిరుగుతోంది గానీ రేకు కింద వేడినే మళ్లీ మా మీదికి తోస్తోంది. నా వీపు మీద చెమట కాలవ కట్టింది. గుంట అత్త ఒళ్లో ఉంది. నేను పాట పాడడం లేదు, దాన్నే చూస్తున్నాను. ముందు బుగ్గలు ఎర్రబడ్డాయి. తర్వాత కుచ్చు నమలడం మానేసింది. తర్వాత ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అది ఏడిస్తే నాకు భయం, ఏడవకపోతే అంతకు పదింతల భయం. చెయ్యి చాచి టోపీ కిందకి వేలు పెట్టాను. మెడ పెనంలా ఉంది. పాలు పడతానని తీసుకున్నాను. నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసింది. కనురెప్పలు వాలుస్తోంది. పొద్దుట్నించి ఒక్క గీత కూడా పడలేదు.

పాట మధ్యలోనే లేచాను.

“అత్తా, నేను స్వెట్టర్ తీసేత్తన్నాను.”

గట్టిగా అనాలని అనలేదు, కానీ పాట ఆగిపోయింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఇంకొంచెంసేపే కదా, పాస్టరుగారు వచ్చేత్తన్నారు కదా, మొక్కు కదా అని చిన్నగా అంటోంది. నేను వినలేదు. నడుస్తూనే టోపీ లాగేశాను, చర్చి గుమ్మం దాటేసరికి స్వెట్టర్ కూడా తలమీంచి లాగేశాను. ఉన్ని లోపల చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

చర్చి వెనకే కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లు ఎత్తుగా, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అక్కడ నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా తప్ప పడదు. చెట్టు మొదట్లో కూర్చుని గుంట చొక్కా కూడా విప్పేశాను. మావ నా వెనకే పరుగెత్తుకొచ్చాడు. బాప్తిస్మం రోజు చుట్టాలకి మంచినీళ్లకని ఇంటి నుంచి మోసుకొచ్చిన ముంత ఆయన చంకలోనే ఉంది. నా కొంగు తడిపి మెడ, చంకలు, తొడలు, అరికాళ్లు తుడవడం మొదలుపెట్టాను. మేం క్రైస్తవులం, అప్పలనర్సమ్మక్క వాళ్లు కాదు, అయినా బాప్తిస్మం చూద్దామని వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆవిడా వచ్చి పక్కన కూర్చుని, పిల్ల కళ్లు విప్పి చూసి, అరికాలు మీద వేలితో మీటింది. గుంట కాలు లాక్కుంది. మంచి గుర్తేనంది. పది నిమిషాలు తుడువు, పాలు పట్టు, అప్పటికీ తాగకపోతే ఆగేది లేదు, ఫోను చేసేద్దాం అని సెల్లు చేతిలో పట్టుకుంది.

అత్త వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ చేతిలో స్వెట్టర్ ఉంది. నేను గుమ్మం దగ్గర పడేసినట్టున్నాను. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. కోపం అనుకున్నాను. కాదు.

“నాను మొక్కుకున్నానే” అంది. “మొక్కు తప్పితే మళ్లీ నెమ్మొత్తాదేమోనే. నీకు తెల్దు. నాకు తెలుసు, ఎలగొత్తాదో.”

నాకు తెలుసు అత్తా అని మాత్రం అనలేదు. ఆ పేరు లేని పిల్ల మాట నా నోటివెంట రాకూడదు.

“జనవరిలో చలి దీన్ని పట్టుకుంది, నువ్వు పొట్టకి అంటించుకుని లాక్కొచ్చావు” అన్నాను. “ఇప్పుడు ఎండ పట్టుకుంది అత్తా. ఇప్పుడు కూడా నువ్వే లాక్కురావాలి. నాకొక్కదానికి చేతకాదు.”

ఎందుకన్నానో నాకు తెలీదు గానీ అది నిజం. అత్త స్వెట్టర్ కింద పెట్టి, నా పక్కన చతికిలబడి, పిల్ల పొట్టమీద అరచెయ్యి ఆనించింది. ఆ చేతికి చలి తెలిసినంత బాగా వేడి కూడా తెలిసినట్టుంది. నా కొంగు లాక్కుని ముంతలో ముంచి తనే తుడవడం మొదలుపెట్టింది. రెండో చేత్తో పాటల పుస్తకంతో విసిరింది. విసురుతూ మధ్యలో ఆగిపోయిన పాటే సన్నగా అందుకుంది. నేను గుంటని రొమ్ముకి ఆనించాను.

ఒక గుక్క తాగింది. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఇంకో గుక్క. ఆ తర్వాత ఆకలితో ఉన్న లేగదూడలాగ గుటగుటా మొదలెట్టింది. అప్పలనర్సమ్మక్క సెల్లు రవికలో పెట్టేసుకుంది. అటు తాగించి ఇటు తిప్పేసరికి గుంట కళ్లు పెద్దవి చేసి పైన ఆకులకేసి చూసి, ఏదో పాత పరిచయం ఉన్నట్టు నవ్వింది. అత్త దాన్ని లాక్కుని ఒళ్లో వేసుకుంది.

వేసుకున్న మరుక్షణం అత్త బాప్తిస్మానికని కొన్న గులాబి రంగు చీర తొడ మీద నుంచి మోకాలి దాకా తడిసిపోయింది.

అత్త ఆ తడిని చూసింది. నన్ను చూసింది. చర్చి గుమ్మంలో మెడలు సాచి నిలబడ్డ తొంభై మందికీ వినపడేలాగ అంది:

“హాజరేసుకోయే సౌందర్యా. మా గుంట వచ్చింది.”

జనమంతా ఘొల్లుమన్నారు. ఏమైందో తెలీని వాళ్లు కూడా నవ్వారు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ముక్కు చీదుకోడానికి కొంగు చూస్తే అది ముంతలో ఉంది.

నవ్వులు తగ్గాక అత్త కింద పడున్న స్వెట్టర్‌కేసి చూసింది. పెద్దలెవరో గొంతు సవరించుకుని, మరి మొక్కు సంగతేంటి సవరమ్మా అని అడిగారు కూడా. అత్త స్వెట్టర్ తీసుకుని, మిగిలిన నీళ్లలో ముంచి, పిండకుండా ముంతకి తొడిగింది. మెడ సర్దింది, చేతులు రెండూ ముందుకి లాగి పొట్ట మీద ముడేసింది. మావని బోరింగు దగ్గరికి పంపి ముంత నిండా నీళ్లు పట్టించింది. తర్వాత దాన్ని గాలి తగిలే చోట చూసి చెట్టు మొదట్లో నిలబెట్టింది. సోంబరు తాతకి చూపు ఆనదు. ఆయన కాసేపు చూసి, ఆ కుర్రాడెవరు, పాట పాడకుండా కూర్చున్నాడు అని అడిగాడు.

మళ్లీ రేకుల కిందకి వెళ్దామని ఎవరూ అనలేదు. లోపల చాపలన్నీ ఒక్కొక్కటిగా చెట్ల కిందకి వచ్చేశాయి. ముసలివాళ్లని ముందు నీడలో కూర్చోబెట్టారు. మావ ఆనపబుర్రలో అంబలి అందరికీ గ్లాసుల్లో పోశాడు. సాయంత్రం విందుకని ఉంచిన మజ్జిగ బకెట్టు కూడా అప్పుడే వచ్చేసింది.

పదకొండున్నర దాటాక జీపు వచ్చింది. రాబిన్ చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టుంది. పాస్టరుగారి ముఖం టమాటా పండులా ఉంది. ఆయన చర్చిలోకి తొంగి చూసి, ఖాళీగా ఉంటే అందరూ వెళ్లిపోయారనుకుని గుమ్మంలోనే కూలబడబోయారు. మేం పిలిచి చెట్టు కిందకి తెచ్చాం. అత్త చేతులు కట్టుకుని మొక్కు సంగతి, మొక్కు ఎలా తప్పిందో ఆ సంగతి మొదట్నించి చెప్పుకుంటూ పోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ముందు నీళ్లియ్యమ్మా” అన్నారు. “తర్వాత మొక్కు.”

రెండు గ్లాసులు తాగారు. మూడో గ్లాసు తల మీద పోసుకున్నారు. అప్పుడు గానీ ముంత ఒంటి మీద ఉన్నదేమిటో ఆయన కంట పడలేదు.

అత్త అప్పుడు చెప్పింది. “సలిలో నా గుంటని కాత్తాదని అల్లినాను బాబూ. ఇప్పుడు దాని నీళ్లని కాత్తంది. ఈ నీళ్లతోనే బాప్తిస్మం ఇయ్యండి. స్వెట్టరు దేవుడి ముందుకి వచ్చినట్టే, గుంటకి వేడీ తగలనట్టే. నా మొక్కు ఇలగ ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా?”

పాస్టరుగారు ఆ ముంత చేతుల ముడి కేసి చూశారు. మీసాల చివర నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నేనైతే మూడు గ్లాసులకి ఒప్పేసుకున్నానమ్మా, ఆయన ఒప్పుకోకుండా ఎలా ఉంటాడు అన్నారు.

అలా మా గుంట బాప్తిస్మం కాఫీ తోటలో జరిగింది. ఒంటి మీద పల్చటి నూలు చొక్కా ఒక్కటే. అత్త ఎత్తుకుంది, నేను పక్కన నిలబడ్డాను. మావ ముంతని పెళ్లికొడుకుని తెచ్చినట్టు రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. పేరేమిటని అడిగితే, క్యాథరిన్ అని చెప్పింది అత్త. అల్లిక నేర్పిన టీచరమ్మ పేరు. మా ఊళ్లో బాప్తిస్మం నీళ్లు తల మీద పడగానే పిల్లలందరూ ఊరు లేచేలా ఏడుస్తారు. మా క్యాథరిన్ మొదటి దోసెడికి ఉలిక్కిపడింది. రెండో దోసెడికి నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, బుగ్గ మీదుగా కారిన నీళ్లు చప్పరించింది. మూడోదాని కోసం పాస్టరుగారి చెయ్యి పట్టుకుని లాగింది.

ఆ తర్వాత వారం రోజుల్లో మా ఊరి ముంతలన్నీ బట్టలు కట్టేశాయి. ఒకరింట్లో పాత స్వెట్టర్, ఒకరింట్లో గొంగళి ముక్క, బడి మేష్టారు శివప్రసాద్ గారింట్లో మేజోడు తొడిగిన సీసా. పిల్లలేమో పల్చటి బట్టల్లో తిరుగుతున్నారు. ఇదంతా మా అత్త పనే. మధ్యాహ్నం పూట ఎవరింట్లోనైనా చంటిపిల్ల నెత్తిన టోపీ కనిపిస్తే చాలు, ఊడదీసి ఆ ఇంటి ముంతకి పెట్టి వచ్చేది. ఏటి సేత్తన్నావు అత్తా అని వాళ్లు అడిగితే, అప్పలనర్సమ్మక్క నాకు చెప్పినవన్నీ వరుస తప్పకుండా చెప్పేది. మా గుంట కుచ్చు టోపీ మాత్రం మావ ఆనపబుర్రకి దక్కింది. తడిపిన టోపీ పెట్టుకుని అది మావ భుజాన వేలాడుతూ రోజూ తోటకి వెళ్లింది.

నిన్న మొదటి వాన పడింది. మట్టి వాసనకి గుంట ముక్కు ఎగరేసింది. అత్త ముంత మీంచి స్వెట్టర్ ఊడదీసి, ఉతికి, దండెం మీద వేసింది. గుంటని ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని చెయ్యి స్వెట్టర్ చేతికి ఆనించి కొలిచింది. చలికాలం వచ్చేసరికి మూడు వేళ్లు పొడుగు చెయ్యాలట, బేగి, ఆలస్యం చెయ్యకుండా, ఎర్ర ఉన్ని తెప్పించమంది. చెయ్యి అత్తా, చలికి తొడుగుదాం అన్నాను.

పొయ్యి దగ్గరికి వెళ్లి, ఇక ఎండలు పోయాయి కదా, గోడ మీద గీతలు చెరిపేద్దామని తడిగుడ్డ తీసుకున్నాను. నేను నిటారుగా గీస్తాను. నా గీతల కింద, నేను తోటకి వెళ్లిన రోజుల్లో, వంకరగా ఒకదానికొకటి ఆనుకుని వేరే గీతలున్నాయి. ఒక రోజు ఏడు. ఒక రోజు ఎనిమిది.

వెనక్కి తిరిగి చూస్తే అత్త బొగ్గంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది.

“ఇయ్యాల ఇప్పటికి ఐదు” అంది. “సెరపకు.”